సముద్రాన్ని మా రాజపాళయానికి అప్పగించండి

మా ఊరికి సముద్రం లేదు. పడమర కొండ, ఊళ్ళో నూలు మిల్లులు, ఊరి చుట్టూ చెరువులు. తూత్తుకుడి అలలు చూడాలంటే బస్సులో వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. కనుక మన్నార్ సింధుశాఖలో ఎవరి వాటా ఎంతో తేల్చే పని మాకే ఇప్పించమని కోరుతున్నాను. ఇంతకాలం ఆ నీళ్ళను పంచిపెట్టినవాళ్ళ అర్హతే మాకూ ఉంది: అక్కడ ఈ పూట గాలి ఎటు వీస్తోందో మాకూ తెలియదు.

ముందు జరిగిన పంపకాలు చూడండి. 1986లో రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులను జాతీయ సముద్ర పార్కు అన్నారు. 1989లో 10,500 చదరపు కిలోమీటర్లను జీవావరణ రక్షిత ప్రాంతమన్నారు. ఆ 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి. సున్నానికీ ఇళ్ళకీ పగడపు రాయిని తవ్వుకుపోతే దీవి దేనిమీద నిలబడుతుంది?

2005 జులైలో అదే ప్రాంతంలో 2,427 కోట్ల సేతుసముద్రం కాలువకు ప్రారంభోత్సవం చేశారు. ఎక్కడ? మదురైలో. మదురైకీ సముద్రం లేదని మనవి. 2007లో సుప్రీంకోర్టు రామసేతుకు నష్టం కలిగేలా తవ్వొద్దంది. దేశమంతా రాముడి గురించి కొట్టుకుంది. చేపల సంగతి ఎత్తినవాళ్ళ గొంతు ఆ గోలలో కలిసిపోయింది.

2023లో రామనాథపురం జిల్లాలో 127 కోట్ల సముద్రపు పాచి పార్కుకు శంకుస్థాపన. మంచిదే. కానీ తరాలుగా ఆ దీవుల చుట్టూ మునిగి పాచి ఏరుకునే ఆడవాళ్ళు పాత పార్కు హద్దులో అడుగుపెడితే నేరం. ఒక పార్కులో పాచి ఏరితే కేసు, ఇంకో పార్కులో పెంచితే సబ్సిడీ! 2024 ఫిబ్రవరిలో కులశేఖరపట్నంలో రాకెట్ కేంద్రానికి పునాదిరాయి. రాకెట్ ఎగిరే పూట పడవలు పక్కకి తప్పుకోవాలి. అదే ఏడు జూన్‌లో సముద్రంలో గాలిమరలకు కేంద్రం 7,453 కోట్లు మంజూరు చేసింది. తమిళనాడు వాటా 500 మెగావాట్లు. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగానికి మాత్రం నీళ్ళలో జాగా సిద్ధం.

నార్వేతో చేతులు కలిపి పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో సముద్రంతో పని ఉన్న అందరి అవసరాలనూ ఒకే పటం మీదికి తెచ్చే ప్రయత్నం మొదలైంది. ఆలోచన మంచిదే, వెటకారం కాదు. తంటా అంతా రంగులతోనే. ఓడరేవుకో రంగు, గాలిమరకో రంగు, రాకెట్‌కో రంగు. కాగితం ఉన్నవాడికల్లా రంగుంది. నాటుపడవవాడికి కాగితం లేదు; వాడి చోటు తెల్లగా ఉండిపోతుంది, తెల్లగా ఉన్నది ఖాళీ అని లెక్క. పులికాట్‌లో జాలర్లు 'పాడు' పేరిట ఎవరు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో తమలో తామే వంతులు వేసుకున్నారు. నార్వే నుంచి ఎవరూ రాలేదు. పటం గియ్యలేదు గనుక అది ప్రణాళిక కాదు కాబోలు.

వాటాలు తేల్చడానికి మేం వేసే కమిటీకి ఆఫీసు రాజపాళయంలోనే ఉండాలి. కాపలాకి మా ఊరి కుక్కలున్నాయి, జాతి పేరే ఊరి పేరు, కొత్తవాణ్ణి గడప తొక్కనివ్వవు. బహిరంగ విచారణ కూడా ఇక్కడే పెడదాం. తేదీ మాత్రం ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య పడకుండా చూడండి. ఆ 61 రోజులు వేట నిషేధం. మరపడవల వాళ్ళు ఒడ్డునే ఖాళీగా ఉంటారు, బస్సెక్కి వచ్చినా వచ్చేస్తారు.