మామగారి చెవి

మా మామగారి కారెక్కినవాళ్లకు ఆయన చేసే మొదటి మర్యాద "ఉష్!" అనడం. రెండోది, కిటికీ అద్దం దింపమనడం. మూడో మర్యాద దాకా వచ్చేసరికి ఊరు దాటిపోయి ఉంటాం కాబట్టి దిగిపోవడానికి వీలుండదు.

ఇలాంటివారు ఊరికొకరుంటారు. మీ వీధిలోనూ ఉండే ఉంటారు. ఎవరి బండి గుమ్మం ముందు నుంచి పోయినా పేపర్లోంచి తలెత్తి, "క్లచ్చి బేరింగు. ఇంకో నెల" అని జాతకం చెప్పి మళ్లీ పేపర్లో దూరిపోతారు. పెళ్లిలో సన్నాయి అపస్వరం పలికితే వీరికి పట్టదు. పెళ్లికొడుకు దిగిన కారులో ఫ్యాన్ బెల్టు కీచుమంటే మాత్రం మంటపంలోంచి లేచొస్తారు. నేను చూసినంతలో ఈ జాతికి పెద్ద మా మామగారే. ఉండేది బస్తరులో, జగదల్‌పూర్‌లో.

స్వస్థలం విజయనగరం జిల్లా. కుర్రతనంలో కొత్తవలస–కిరండుల్ రైలెక్కి బైలడిల్లా ఇనుప గనుల్లో పనికి వెళ్లారు. ఆ లైను వేసిందే అక్కడి ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి. ఖనిజం కిందికి దిగుతుంటే మనవాళ్లు పైకెక్కారు. "ఓరుగల్లు నుంచి కాకతీయులొచ్చి బస్తరు ఏలారు. మనం రెండో బ్యాచ్" అంటారాయన. ఆయన ఏలింది రాజ్యం కాదు, కన్వేయరు బెల్టు. బెల్టు కింద వరసగా రోలర్లు, ప్రతి రోలరుకూ బేరింగులు. స్క్రూడ్రైవరు మొన వాటి డొక్కకు ఆన్చి, పిడి చెవికి ఆన్చి, ఏది పోతోందో ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. 30 ఏళ్లు చేశారు. రిటైరై జగదల్‌పూర్‌లో ఇల్లు కట్టుకున్నాక స్క్రూడ్రైవరు ఖాళీగా ఉండిపోయింది. దానికి పని కల్పించడానికి పాత అంబాసిడర్ కొన్నారు.

1996 మోడలు, ఇసుజు ఇంజను. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. ఆనాటి నుంచి ఆ కారు విలువ ఆయన దృష్టిలో పెరుగుతూ, బజార్లో తరుగుతూ వస్తోంది.

కొత్త అల్లుణ్ని కదా, మొదటి దసరాకి పిలిచారు. స్టేషనుకి ఆయనే కారేసుకొచ్చారు. "ప్రయాణం సుఖంగా జరిగిందా అల్లుడు గారూ?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా "ఉష్!" అన్నారు. బండి యాభై దాటింది. ఎక్కడినుంచో "ఊఁఁ..." అని సన్నగా, ఆపకుండా, తంబురా శ్రుతి లాగా. "అవునండీ, ఏదో మూలుగుతోంది" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన అద్దంలోంచి చూసిన ఆ చూపు! పెళ్లిచూపులనాడు కూడా నన్నంత ఇష్టంగా చూడలేదు.

మర్నాడు చిత్రకోట్ జలపాతం చూపిస్తానన్నారు. మా ఆవిడా, బావమరిదీ "మేం వెనకాల బస్సులో వస్తాం" అన్నారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. కారు తలుపు తీస్తే వెనక సీటు లేదు, పీకి వసారాలో పెట్టారు. "శబ్దం సీటు స్పంజిలో ఇంకిపోతుందండీ. మీరు రేకు మీదే కూర్చోవాలి" అన్నారు. పండగకి పెట్టిన పట్టుపంచెతో రేకు మీద కూలబడ్డాను. అత్తగారు ముందు సీట్లోంచి ఒక దిండు అందించారు. మామగారు అది కూడా వెనక్కిచ్చేశారు.

బండి కదలగానే పాఠం. ఆయన దగ్గర "చప్పుడొస్తోంది" అంటే చెల్లదు. ఏ చప్పుడో తేల్చాలి. ముందుకో వెనక్కో కదిలేటప్పుడు ఒక్కసారి "టక్కు"మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు అరిగినట్టు. అదే క్రాసు గ్రీజెండిపోతే నెమ్మదిగా పోతున్నప్పుడు పిచిక లాగా "కిచకిచ" లాడుతుంది. క్లచ్చి నొక్కితే మొదలయ్యే గరగర రిలీజు బేరింగు, నొక్కితే ఆగిపోయే గరగర గేరుబాక్సు ముందు బేరింగు. యాక్సిలేటరు తొక్కితే వచ్చి, వదిలితే మాయమయ్యే ఈల క్రౌను పీనియన్. ధ్వన్యనుకరణ పదాలు మన భాషలో ఎన్ని ఉన్నాయని పండితులు మురిసిపోతారు గానీ వాటికి జీతం పెట్టి పని చేయించుకునేది మా మామగారొక్కరే. నేను "గుర్రు" అన్న చోట "మూలుగు" అని దిద్దారు. "గుర్రైతే పళ్లు, మూలుగైతే గుండ్లు" అట.

ఇక విచారణ. యాభైలో న్యూట్రల్ చేశారు, మూలుగు ఆగలేదు. ఇంజనూ క్లచ్చీ నిర్దోషులు. గేరులో వేసి తొక్కారు, వదిలారు, మళ్లీ తొక్కారు. శ్రుతి మారలేదు. క్రౌను పీనియన్‌కు బెయిలు. నున్నటి తారు మీదా అంతే, గతుకుల మీదా అంతే. కాబట్టి టైర్లు కావు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కుడికీ ఎడమకీ పాములా నడిపారు. కుడికి తిప్పినప్పుడు మూలుగు హెచ్చింది. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. దోషి ఎడమ పక్క ఉన్నాడు! ముందో వెనకో తేలాలి. దానికే నేను.

"అల్లుడూ, చెవి కిందికి పెట్టు." గారూ ఎక్కడో పొలాల్లో జారిపోయింది. కాసేపటికి "ఏవయ్యా, ఇంకాస్త కిందికి" అయింది. "ఏవండీ, పండక్కొచ్చిన అల్లుడండీ" అన్నారు అత్తగారు. "పండక్కే కాదు, పనికీ వచ్చాడు" అన్నారాయన.

అప్పుడే ఒక షేరింగు జీపు మమ్మల్ని దాటింది. సంతకు పోతున్న జనం, కోళ్లు, గంపలు, టాపు మీద నలుగురు. మామగారు స్టీరింగు పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుని విన్నారు. "క్రాసు, రెండు వీల్ బేరింగులు, సైలెన్సరు, కమాను కట్టల యూ బోల్టు" అని వైకుంఠానికి పంపే జాబితా చదివారు. జీపులో వాళ్లు హల్బీలో ఏదో పాడుకుంటూ, మా నిశ్శబ్దాన్ని చూసి జాలిపడి, దుమ్ము మిగిల్చి పోయారు.

జగదల్‌పూర్‌కి 38 కిలోమీటర్ల దూరంలో చిత్రకోట్. వానల నీరింకా తగ్గలేదు. ఇంద్రావతి గుర్రపు నాడాలా వంగి, ఎర్రగా, 95 అడుగుల కిందికి దూకుతోంది. నేను రేకు మీంచి లేచి, పంచె దులుపుకుని, నోరు తెరుచుకు నిలబడ్డాను. మామగారు ఒక నిమిషం చూసి పెదవి విరిచారు. "ఈ రొదలో బండి చప్పుడు ఏం వినపడుతుంది! పద పోదాం" అన్నారు.

తిరుగు ప్రయాణంలో "వెనక" అని నేను తీర్పిచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా చెవికి రెండు పక్కలా ఒకే మోత. ఇంటికి పోవాలని అన్నాను.

గీదం రోడ్డు షెడ్డులో మిస్త్రీ ఒకడున్నాడు. మామగారు ఇరవై నిమిషాలు హిందీలో ఉపన్యసించారు. అతను బీడీ అయ్యేదాకా విని, జాకీ ఎక్కించి, యాక్సిల్ కింద మొద్దు పెట్టి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేయి కమాను కట్ట మీద వేశాడు. బేరింగు గుండ్లు చెడితే ఆ గరుకు కట్టలోకి దిగి అరచేతికి తెలుస్తుంది. కుడి చక్రం, తర్వాత ఎడమ. "గయా" అన్నాడు. రెండు నిమిషాలు. మేం 76 కిలోమీటర్లు తిరిగి తెలుసుకున్నది అదే.

"నేను చెప్పలే?" అన్నారు మామగారు. చెప్పారు, కాదనను. విననివాళ్ల సంగతీ చూశాను. మావైపు ఒకాయన మూలుగు వినపడిందని నేరుగా క్రౌను పీనియన్ మార్పించి, వేలు పోసి, అదే మూలుగుతో ఇంటికొచ్చారు. ముందు చవకవి అనుమానించాలి, తర్వాతే ఖరీదైనవి. ఆ ఒక్క విషయంలో మా మామగారి శిష్యుణ్నే.

కొత్త బేరింగూ ఆయిల్ సీలూ రాయపూర్ నుంచి బస్సులో రావాలి. దాదాపు 300 కిలోమీటర్లు, మధ్యలో కేశ్‌కాల్ ఘాటు 12 మలుపులు. ఈలోగా దసరా. ఇక్కడ పండగ 75 రోజులు. రావణుణ్ని కాల్చరు, రథం లాగుతారు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ వడ్రంగులూ కమ్మర్లూ చేసే పెద్ద చెక్క రథం, ఎనిమిది చక్రాలు, పైన దంతేశ్వరి అమ్మవారి ఛత్రం. విజయదశమి రాత్రి మాడియా గిరిజనులు ఆ రథాన్ని "దొంగిలించి" కుమ్‌డాకోట్ వైపు లాక్కుపోతారు. మర్నాడు రాజు అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి కొత్తబియ్యం అన్నం తిని వెనక్కి తెచ్చుకోవడం ఆచారం. వందల మంది తాళ్లు పట్టారు. చక్రాలు అరిచిన అరుపుకు నా పక్కన పసిపిల్లాడు చెవులు మూసుకున్నాడు. జనం చేతులు జోడించారు. మామగారూ జోడించారు గానీ, "ఇంత చప్పుడు చేసే బండిని దొంగిలించడమేవిటయ్యా!" అని నా చెవిలో అన్నారు.

ఆ ప్రశ్న బస్తరు రాజులకు రాలేదంటే వాళ్ల వంశంలో ఆయన చెవి లేదన్నమాట.

పార్శిలొచ్చింది. మిస్త్రీ యాక్సిల్ షాఫ్టు బయటికి లాగి, పాత బేరింగు కొట్టి తీసి కొత్తది ఎక్కించాడు. బండి యాభై దాటింది. మూలుగు లేదు. కారులో ఎవరూ మాట్లాడలేదు, అలవాటు కొద్దీ. మా ఆవిడే ధైర్యం చేసి "నాన్నా, ఇంక పాటలు పెట్టుకోవచ్చా?" అంది. ఆయన జవాబివ్వకుండా బండి ఆపి, రివర్సు వేశారు. కిందనుంచి "టక్కు"మంది.

"క్రాసు" అన్నారు. ముఖంలో అమావాస్య పోయి పున్నమి వచ్చింది.

సంక్రాంతికి రమ్మని మొన్న ఫోను చేశారు. "అల్లుడు గారూ" అన్నారు, గారూ మళ్లీ తగిలించి. క్రాసు మార్చేటప్పుడు షాఫ్టు పట్టుకోవడానికి కింద ఒక మనిషి పడుకోవాలి. పట్టుపంచె తేవద్దని, పాత లుంగీ ఒకటి తీసి పెట్టానని పక్కనుంచి అత్తగారు చెప్పారు.