అరవై రోజుల తరవాత

పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన. ఊళ్లో అంతా సావుకారుగారంటారు. ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు కొని, సొంత బట్టీలో కాల్పించి, పప్పు తీయించి ఢిల్లీ, కలకత్తా పంపేవారు. జీఎస్టీకి ముందు రోజుల్లో బయటి రాష్ట్రంలో కొన్నవాళ్లు సి-ఫారం పంపితే తక్కువ పన్ను, పంపకపోతే పూర్తి పన్ను. కొందరు పంపలేదు. 2018 ఆగస్టు నెలాఖరులో, పూర్తి పన్ను కట్టమని ఆయన చేతికి ఉత్తర్వు వచ్చింది.

అప్పీలుకు 30 రోజుల గడువు. ఆ తరవాత, తగిన కారణం చూపిస్తే అప్పీలు అధికారి ఇంకో 30 రోజుల దాకా ఆలస్యాన్ని మన్నించవచ్చు. రాష్ట్ర వ్యాట్ చట్టం 31వ సెక్షన్ అంతవరకే ఒప్పుకుంటుంది. ఆదాయపు పన్ను అప్పీళ్లలో, కమిషనర్ దగ్గరైనా విశాఖపట్నం ట్రిబ్యునల్ దగ్గరైనా, ఇలాంటి గీత లేదు. కారణం నిజమనిపిస్తే ఎన్ని నెలల ఆలస్యాన్నైనా మన్నించే వీలుంది. వ్యాట్‌లో మాత్రం 61వ రోజున వచ్చినవాడు ఎంత నిజం చెప్పినా వినే దారి లేదు.

సావుకారుగారు సెప్టెంబరంతా ఫారాల కోసం ఢిల్లీకి ఫోన్లు చేశారు. చాలావరకు వచ్చాయి. అక్టోబరు రెండో వారంలో శ్రీకాకుళం వెళ్లి ప్లీడరుగారికి కాగితాలిచ్చేద్దామనుకున్నారు.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఎక్కడో కాదు, పలాస దగ్గరే. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి చెట్లు విరిగి వరసగా పడ్డాయి. తాతలు నాటిన జీడి చెట్లు వేళ్లతో సహా లేచొచ్చాయి. పనస చెట్లూ అంతే. కరెంటు స్తంభాలు కూలిపోయాయి, ఫోన్లు మూగబోయాయి, తాగే నీళ్ల కోసం జనం రోడ్డెక్కారు. జీడి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. కొబ్బరికి ఇంకా ఎక్కువ. ఆ ఒక్క రాత్రిలో ఉద్దానం ఒక తరం సంపాదన పోగొట్టుకుంది.

సావుకారుగారి గోదాము రేకులు ఎగిరిపోయాయి. పద్దు పుస్తకాలు, ఫారాలు నానిపోయాయి. బట్టీలో పనిచేసే ఆడవాళ్ల ఇళ్లు కూలిపోతే ముందు వాళ్ల సంగతి చూశారు. కాగితాలు ఆరబెట్టి, ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, అప్పీలుకు ముందు తప్పనిసరిగా కట్టాల్సిన, వివాదంలో ఉన్న పన్నులో 12.5 శాతం కట్టి, నవంబరు మధ్యలో అప్పీలు వేశారు. అప్పటికి 60 రోజులు దాటి రెండు వారాల పైనే.

అధికారి కాగితాలు చూశాడు. మంచివాడే. "మీ మాట అబద్ధమని నేననను. మన్నించే అధికారం నాకు లేదు" అన్నాడు. అప్పీలు కొట్టేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ప్రభుత్వమే తుపాను ప్రాంతమని ప్రకటించిన మండలాల్లో అప్పీలు గడువు ఆగుతుందని చట్టంలో ఒక్క వాక్యం ఉండుంటే, ఆ అధికారి సంతోషంగా సంతకం పెట్టేవాడు. ఆ వాక్యం ఎవరూ రాయలేదు.

ఆ నెలలోనే ప్లీడరుగారికి ఒక ఆశ దొరికింది. అప్పట్లో హార్లిక్స్ చేసే గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీకి కాకినాడ డివిజన్ పన్ను అధికారి 2017 జూన్‌లో ఉత్తర్వు ఇస్తే, కంపెనీ 2018 సెప్టెంబరు 24న, అంటే ఏడాది దాటాక అప్పీలు వేసింది. ఆ పని చూసే ఉద్యోగి సకాలంలో వేయలేదని కారణం చెప్పింది. అప్పీలు కొట్టేస్తే హైకోర్టుకు వెళ్లింది. హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు 2018 నవంబరు 19న కంపెనీ మాట విన్నది.

"ఉద్యోగి పొరపాటునే విన్నారు, తుపానును వినరా?" అన్నారు ప్లీడరుగారు. రిట్ వేశారు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరే హైకోర్టు ఏర్పడింది. కేసు వాయిదాల్లో పడింది. ప్రభుత్వం గ్లాక్సో తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2020 మే 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. ప్లీడరుగారు ఫోన్‌లోనే చెప్పారు.

"సావుకారుగారూ, గ్లాక్సో ఓడిపోయింది. చట్టం పెట్టిన ఆఖరి గడువు కూడా దాటాక వచ్చినవాళ్ల కోసం హైకోర్టు ఆ గడువును పక్కన పెట్టకూడదన్నారు. రాజ్యాంగం 142వ అధికరణం ఇచ్చిన ప్రత్యేక అధికారం కింద సుప్రీంకోర్టే చెయ్యలేనిది హైకోర్టు ఎలా చేస్తుందన్నారు. ఇక మన రిట్ నిలబడదు."

అవతల కాసేపు మాట లేదు.

"అలగైతే బాబూ, ఇప్పుడీ లాక్‌డౌన్‌ల అప్పీలు ఎయ్యలేనోల గతేటి?"

"వాళ్లకి భయం లేదు. మార్చి 23నే సుప్రీంకోర్టు తనంతట తానే ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15 నుంచి దేశమంతటా గడువులు పొడిగించారు. సంబంధిత చట్టంలో ఆలస్యాన్ని మన్నించే వీలున్నా, లేకపోయినా."

"ఏ అధికారంతోటి బాబూ?"

ప్లీడరుగారు చెప్పక తప్పలేదు. "అదే. 142వ అధికరణం."

"అంటే ఆపద దేశమంతా వొస్తే గడువు ఆగుతాది. ఉద్దానానికే వొస్తే ఆగదు. అంతే గదేటి?"

ప్లీడరుగారి బల్ల మీద ఇంకో కాగితం ఉంది. సుప్రీంకోర్టులోనే మరో ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు. మార్చి 23 నాటి వెసులుబాటును చెక్ బౌన్స్ కేసులకూ, ఆర్బిట్రేషన్ వ్యవహారాలకూ కూడా వర్తింపజేశారందులో. అది చదివి వినిపించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఆ ఉత్తర్వు తేదీ కూడా 2020 మే 6.