డబ్బు కట్టి పడే కష్టాలు

మా తాతల కాలంలో కష్టాలు ఉచితంగా దొరికేవి. ఇప్పుడు వాటికి ఎంట్రీ ఫీజు కట్టాలి. ఫీజు తీసుకుని, కారు తలుపు మీద ఓ నంబరు అంటించి పంపిస్తే దాన్ని క్లాసిక్ కార్ల ర్యాలీ అంటారు.

మా బావగారికి ఓ పాత మార్క్ టూ అంబాసిడర్ ఉంది. దానికి మంచి ఎండల్లో ర్యాలీ కుదిర్చి, నావిగేటరుగా నా పేరు రాసేశారు. "నాకేం తెలుసు బావగారూ?" అంటే, "పక్కన కూచుని దారి చెప్పడమేనోయ్. మీ అక్కయ్య ముప్పై ఏళ్లుగా చెయ్యట్లా?" అన్నారు.

అందరూ అనుకున్నట్టు ఇది పరుగు పందెం కాదు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ కలిపి టీఎస్‌డీ అంటారు. గంటకి 42 కిలోమీటర్ల సగటున నడపమంటే అలాగే నడపాలి. దారిలో ఏ చెట్టు చాటునో గడియారాలు పట్టుకుని మనుషులు కూచుంటారు. ఆలస్యమైతే పెనాల్టీ, ముందొచ్చినా పెనాల్టీ. ముహూర్తం 10 గంటల 42 నిమిషాలకని శుభలేఖ మీద అచ్చు చూసి, సరిగ్గా భోజనాల వేళకి వెళ్లేవాళ్లం మనం. సెకన్ల లెక్కంటే మాటలా?

మ్యాపు ఇవ్వరు. రోడ్ బుక్ ఇస్తారు. అందులో ప్రతి మలుపుకీ చిన్న బొమ్మ ఉంటుంది: కింద చుక్క, పైన బాణం. చుక్క దగ్గర మనం ఉన్నట్టు, బాణం వైపు పోవాలి. దీన్ని ట్యులిప్ అంటారు. బావగారికి బొమ్మల మీద నమ్మకం లేదు. ఓ కూడలిలో కారాపి, గేదెలు తోలుకెళ్తున్న మనిషిని పిలిచి దారి అడిగారు.

"ఏ ఊరెళ్లాలండీ?" అన్నాడతను.

బావగారు నా వంక చూశారు. నేను పుస్తకం వంక చూశాను. అందులో ఊరి పేరు లేదు.

"ఊరేదో తెలీకుండా బయల్దేరారా?" అని అతను మమ్మల్నీ, తలుపు మీది నంబరునీ మార్చి మార్చి చూసి, గేదెల్ని కాస్త పక్కకి తోలుకున్నాడు.

ఈ పిచ్చి మాతో మొదలవలేదు. 1907లో ల మతాన్ అనే పారిస్ పత్రిక, పెకింగ్ నుంచి పారిస్ దాకా కారులో రాగలవాడెవడని సవాలు విసిరింది. జూన్ 10న అయిదు బళ్లు బయల్దేరాయి. పెట్రోలు ముందే ఒంటెల మీద వెళ్లింది. కొండల్లో కార్లని మనుషులూ పశువులూ కలిసి లాగారు. మూడు చక్రాల బండి గోబీ ఎడారి దాటలేకపోయింది. ఇటలీకి చెందిన ప్రిన్స్ బోర్గేజే తన ఇటాలా కారులో, మధ్యలో సెయింట్ పీటర్స్‌బర్గ్ విందు చూసుకుని మరీ, ఆగస్టు 10న పారిస్ చేరి గెలిచాడు. ఇంతా చేస్తే బహుమతి ఓ షాంపేన్ సీసా.

1968లో లండన్ నుంచి సిడ్నీకి 98 కార్లు కదిలాయి. ఢిల్లీ మీదుగా బొంబాయి వచ్చి, ఓడెక్కి ఆస్ట్రేలియాలో దిగాయి. చివరికి మిగిలినవి 56. గమ్యం కాస్త దూరంలో ఉందనగా, ముందున్న సిట్రోయెన్‌ని ఎదురొచ్చిన కారు గుద్దింది. వెనకే వస్తున్న పాడీ హాప్‌కిర్క్ పందెం పక్కనపెట్టి సాయానికి పరుగెత్తాడు. హిల్‌మన్ హంటర్ నడిపిన ఆండ్రూ కోవన్ బృందం గెలిచింది, హాప్‌కిర్క్‌కి రెండో స్థానం దక్కింది.

మాకంత దూరం అక్కర్లేకపోయింది. మిట్టమధ్యాహ్నం అంబాసిడర్ రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఎండకీ ఇంజను వేడికీ పెట్రోలు పంపులోనే ఆవిరైపోతే కార్బురేటరుకి చుక్క చేరదు. బావగారు బానెట్ ఎత్తి, భుజం మీది తుండుగుడ్డ తడిపి పంపుకి చుట్టారు. చుట్టీ చుట్టకముందే గుడ్డ పొగలు కక్కింది. మళ్లీ తడిపారు. నేను స్టాప్‌వాచ్ చూస్తూ పెనాల్టీ సెకన్లు పైకి లెక్కపెడుతున్నాను. "ఆ నోరు కాస్త మూస్తే ఇంజను తొందరగా చల్లబడుద్ది" అన్నారు బావగారు.

కిళ్లీకొట్టు ముందు కూచున్న పెద్దాయన తీరిగ్గా బీడీ వెలిగించి, "కంగారు పడకండి బాబూ, ఇరవై ఏళ్లు ఈ బండే తోలాను. ఈ బీడీ అయిపోగానే కొట్టండి" అన్నాడు. బీడీ అయిపోయింది. కొట్టారు. స్టార్టయింది. ఆ ర్యాలీ మొత్తం మీద సెకనుతో సహా సరిపోయిన లెక్క అదొక్కటే.

పట్టికలో మా స్థానం ఎక్కణ్ణించి వెతకాలో నిర్వాహకులే చెప్పారు: కింద నుంచి. అయినా చేరాం. పాత బళ్ల పందేల్లో చేరడమే సగం గెలుపు. ఇంట్లో అంబాసిడర్ ఉంటే మీరూ పేరివ్వండి. తుండుగుడ్డలు మాత్రం రెండు పెట్టుకోండి, బావగార్ని ఒక్కరికి మించి ఎక్కించకండి.