ఎండకు అడ్డము

సూర్యునకును మనుష్యునకును నడుమ నిలిచి నీడ పఱచుటయే వృత్తిగా గల జాతిలో పుట్టినదానను. ఎనిమిది ఇనుపకమ్ములు, ఒక నల్లగుడ్డ, వంకర తిరిగిన పిడి తప్ప నా వంశమును గూర్చి చెప్పుకొనదగినది లేదు. వినుకొండ బజారులో నన్ను కొన్నది ఒక మిరపరైతు ఇల్లాలు. పల్లెలో నున్ననాళ్లు, మాఘఫాల్గుణములందు కళ్ళములో కూర్చుండి, ఎఱ్ఱని రాసులనుండి తాలుకాయ లేరుచు ప్రొద్దు గడపిన ఆ తల్లికి తలపై కొంగే గొడుగు. పట్టణములో కాపురము పెట్టిన పిమ్మటనే నా యవసరము కలిగెను.

భర్త గతించిన యేడు ఆమె గడప దాటుట మానెను. మొదట రైతుబజారు మానెను, పిదప గుడి మానెను. తొలి ఏకాదశినాడు ఊరంతయు రామలింగేశ్వరస్వామి కొండ యెక్కుచుండగా గోడవైపు తిరిగి పరుండెను. తిండి సయింపదు, నిద్ర పట్టదు; కూతురెంత బ్రతిమాలినను “ఏం చెయ్యబుద్ధి కావట్లేదే” అను మాటయే జవాబు. నేను తలుపువెనుక మేకునకు వ్రేలాడుచుంటిని.

రక్తపరీక్షలో విటమిన్ డి మిక్కిలి తక్కువయని తేలగానే అల్లుడు తీర్పు చెప్పెను: “ఎండ తగలకే ఈ దిగులంతా. దానికి తోడు ఆ గొడుగొకటి!” ఇల్లు కదలని మనిషికి మేకున నున్న గొడుగు చేయగల అపకార మెట్టిదో ఆయనకే తెలియవలెను.

వైద్యురాలి గదిలో కూతురి చేతనుండి నేను వినిన సంగతులు వేఱు. చర్మములోని ఒక కొవ్వుపదార్థము, 290 మొదలు 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కిరణములు సోకగా విటమినుగా మాఱి, కాలేయమునను మూత్రపిండములందును తుదిరూపు దాల్చును. దానిని గుర్తించు గ్రాహకములు మెదడునందును గలవు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు, పొలములలో శ్రమించు పల్లెవారి రక్తమున నిది పట్టణవాసులలోకంటె హెచ్చుగా నున్నను వారిలోను పలువురికి చాలకున్నదని కనుగొనిరి. ఆ ప్రాంతమున పగలు పదునొకండు మొదలు రెండు గంటలవఱకు కాయు ఎండయే ఇందులకు మేలైనదనియు వారు తేల్చిరి. ఉదయపు నీరెండను కొనియాడు మన పెద్దలకు ఇది రుచింపదు.

కుంగినవారిలో ఈ విటమిను తక్కువగా నుండుట పలుమార్లు కనబడినది. అయినను అమెరికాలో ఏబదియేండ్లు దాటిన 18,353 మందిని రెండుగా విభజించి, ఒక భాగమునకు దినమునకు 2,000 యూనిట్ల చొప్పున సుమారు అయిదేండ్లు ఇచ్చిచూడగా, కుంగుబాటు రాకుండుట కది తోడ్పడలేదని 2020లో ప్రకటించిరి. ఉన్న కుంగుబాటును తగ్గించునా యను విషయమున ప్రయోగముల ఫలితములు ఒకదానితో నొకటి పొసగుటలేదు.

నా సాక్ష్యము నెవ్వరు నడుగలేదు గాని, ఆ యింట దుఃఖము ముందు వచ్చెను. ఎండ దూరమైనది తరువాత.

వైద్యురాలు ఎముకల నొప్పులకై వారమునకొక 60,000 యూనిట్ల పొడిని పాలలో కలిపి త్రాగుమని, కుంగుబాటునకు వేఱొక మాత్రను, మానసిక వైద్యుని సలహాను వ్రాసియిచ్చెను. “పొడి చాలదాండీ? ఈ పిచ్చిమందులెందుకు?” అని అల్లుడు గొణిగెను. అప్పుడు గదా నామీది నేరారోపణకు మూలము బోధపడినది: విటమినుకొఱత చెప్పుకొనుటకు సిగ్గులేని వ్యాధి. ఆమె రెండు మందులును వాడుచున్నది. ఇరుగుపొరుగు అడిగినచో కూతురు నేటికిని మొదటిదాని పేరే చెప్పుచున్నది.