ప్రశంసాపత్రము – సటీకా తాత్పర్యము

అవతారిక: సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లోని మనూర్ మండలంలో పనిచేసే ఉద్యోగి పంద్రాగస్టుకు, జనవరి 26కు ముందు ఒక జాబితా కోసం ఎదురుచూస్తాడు, ఆ జాబితాలో పేరుంటే మండల కార్యాలయం ముందరి జెండా వందనం వదిలి, జిల్లా కేంద్రంలో వేదికనెక్కి ఉత్తమ ఉద్యోగిగా ప్రశంసాపత్రం అందుకుంటాడు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి స్వస్థలంగా చెప్పే కొల్చారం కూడా, 2016 అక్టోబరులో ఈ జిల్లా విడివడిన పాత మెదక్ జిల్లాలోనిదే కనుక, ఇంతటి ప్రసిద్ధ రచన వ్యాఖ్య లేక మిగిలిపోవడం ఈ సీమకు శోభించదు.

మూలము: శ్రీ/శ్రీమతి ............ గారు విధి నిర్వహణలో కనబరచిన విశిష్ట సేవలకుగాను ఈ ప్రశంసాపత్రము ప్రదానము చేయడమైనది.

ప్రతిపదార్థము: శ్రీ/శ్రీమతి = ఒకటి కొట్టివేయవలసి ఉన్నా, రాత్రికి రాత్రి పత్రాలన్నీ నింపే గుమాస్తాకు తీరిక చాలక రెండూ నిలిచిన గౌరవపదం; చుక్కలు = పత్రమంతటిలో చేతిరాత కనిపించే చోటు, ఇంటిపేరు తప్పుపడే చోటు కూడా ఇదే; గారు = ఏడాది పొడుగునా "ఒరేయ్" అనిపించుకున్న అటెండరుకు సైతం ఆ పూట దక్కే మర్యాద; విధి నిర్వహణలో = జీతం పుచ్చుకుని ఎలాగూ చేయవలసిన పనిలో; కనబరచిన = పై అధికారి కంటబడిన; విశిష్ట = తక్కినవారి సేవకంటె మేలైన, అయితే తక్కినవారి పత్రాల్లోనూ ఉన్న; ప్రదానము = మంత్రి ఒక అంచును, ఉద్యోగి మరో అంచును పట్టుకుని, ఒకరినొకరు చూడక ఇద్దరూ కెమెరాను చూసే క్రియ; చేయడమైనది = ఎంపిక చేసినదెవరో అడగడానికి వీలివ్వని క్రియాపదం.

అధ్యాహారము: వాక్యంలో లేకున్నా అర్థం కుదరడానికి బయటినుండి తెచ్చుకునే పదాన్ని అధ్యాహారమంటారు. ఇక్కడ "ఏ సేవలు" అన్నది పూర్తిగా పాఠకుడి ఊహకే వదిలివేయబడింది. తండాలో సూది పేరు వినగానే పరుగెత్తిన పిల్లలను వెదికి పట్టి టీకా (ఇది వ్యాఖ్యానార్థకం కాదు) వేసిన ఏఎన్ఎంకూ, ఫైలును బల్లమీదినుండి కదలనీయని ఉద్యోగికీ మూలం ఒకే విధంగా అన్వయిస్తుంది.

పూర్వపక్షము: నగదు లేని కాగితం వల్ల ప్రయోజనమేమిటని కొందరి ఆక్షేపణ. గ్రామ పంచాయతీల పారిశుద్ధ్య కార్మికులకు "సఫాయన్నా నీకు సలాం" అన్న ప్రభుత్వమే 2023 మే డే నాడు వారి నెల వేతనానికి 1,000 రూపాయలు కలుపుతున్నట్లు ప్రకటించింది కనుక, సలాముతో సరిపోదని సర్కారుకూ తెలుసునని వీరి వాదం.

సిద్ధాంతము: వేతనం వేతనమే, దానికి బదులుగా పొగడ్త చెల్లదు, అయినా దేవుడి పటాల వరుసలో ఆ పత్రం లామినేషన్‌తో వేలాడే ఇళ్లున్నంత కాలం దానిని నిష్ప్రయోజనమనరాదు. శ్రీకృష్ణదేవరాయలు పెద్దన కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడన్న ప్రతీతి ఇన్ని శతాబ్దాలు నిలవడానికి, ఏ కవిత్వానికి తొడుగుతున్నాడో రాయలు ఎరిగి ఉండడమే కారణం. పని చూడక పొగిడితే పొగిడినవారికే ముప్పు. 2019 పంద్రాగస్టున మహబూబ్‌నగర్‌లో ఉత్తమ కానిస్టేబుల్‌గా ప్రశంస పొందిన వ్యక్తి మరునాడే లంచం కేసులో ఏసీబీకి చిక్కిన వార్త ఇందుకు ఉదాహరణ.

తాత్పర్యము: నలుగురిలో మెచ్చుకోవడం మంచిదే, అయితే మెచ్చినవారు ఆ పనిని చూసినవారై, దానిని పేరుపెట్టి చెప్పగలిగినప్పుడే ఆ మెప్పు నిలుస్తుంది.

పాఠాంతరము: "వానకాలంలో రోడ్డు తెగిన తండాకు నడిచి వెళ్లి, పిల్లలందరికీ టీకాలు వేసినందుకు" అని "విశిష్ట సేవలకుగాను" అన్నచోట చదువుకోవచ్చు. అర్థానికి ఇదే అనుకూలమైనా, ముద్రిత ప్రతులలో చుక్కలు పేరుకు తప్ప పనికి చాలనందున, ఈ పాఠం వ్యవహారంలోకి రాలేదు.