కోడి రెక్క కింద సూది

మా ముందు గదిలో పది రోజులుగా రెండు పెద్ద సూట్‌కేసులు నోరు తెరుచుకొని ఉన్నాయి. మనవరాలు టాంజానియా పోతోంది. శామీర్‌పేట దగ్గర కాలేజీలో చదువుతోంది. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు అక్కడి ఒక పల్లెలో 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్' చేస్తుందట. దోమతెర, మలేరియా మాత్రలు, సోలార్ లైటు, పిల్లలకు పంచడానికి రెండు వందల పెన్నులు, చాక్లెట్లు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. టికెట్టుకూ బసకూ డబ్బు మనదే. నా కొడుకు కట్టాడు.

"అక్కడ ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడిగాను.

"ఇంగ్లిష్ చెప్తం తాతా. బడి గోడలకు రంగులేస్తం."

"వాళ్ల మాట నీకు వచ్చా?"

"మాతోని ఒకాయన ఉంటడు, ఆయన చెప్తడు వాళ్లకు."

"నువ్వు తిరిగొచ్చినంక పిల్లలకు ఎవరు చెప్తరు?"

"ఇంకో బ్యాచ్ వస్తది."

నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, దాని మనసు మంచిది. సామాన్లు సర్దుకోవడమే తయారీ అని దానికి నేర్పిన పద్ధతి మీద.

'కమ్యూనిటీ డెవలప్‌మెంట్' అన్న మాట దానికి కొత్తేమో గాని, మా ఇంట్లో అది పాతది. 1952 అక్టోబర్ 2న దేశంలో ఆ పథకం మొదలైంది. మా నాయిన అందులో గ్రామసేవక్. మా మేడ్చల్ అప్పుడు హైదరాబాద్ జిల్లాలో ఉండేది. మీటర్‌గేజ్ రైలు, రోడ్డు వార అనాబెషాహీ ద్రాక్ష పందిళ్లు. ఇప్పుడు ఆ పందిళ్లు ఉన్నచోట ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల రాళ్లు. నాయిన సైకిల్ మీద సమితి ఆఫీసుకు పోయి, అక్కడినుంచి ఊళ్లు తిరిగేవాడు. ఏ బాయి ఎన్ని మట్లు ఉందో, ఏ రైతు ఎవరి మాట వింటాడో ఆయనకు తెలుసు. అవి తెలియకుండా ఎరువు సంచి గురించి నోరెత్తేవాడు కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా మా మేనమామ ఊరికి ఒక అమెరికా పిల్లగాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. 1961లో కెనెడీ పెట్టిన పీస్ కోర్ అనే వలంటీర్ల సంస్థ తరఫున 1976 దాకా నాలుగు వేల మందికి పైగా మన దేశానికి వచ్చారు. మన రాష్ట్రంలో కొందరికి కోళ్ల పెంపకం అప్పగించారు. ఈ పిల్లగాడు అట్లా వచ్చినవాడే. రాకముందే నెలల తరబడి తెలుగు నేర్చుకున్నాడు. మొదట్లో పుస్తకం తెలుగు మాట్లాడితే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఒక వానకాలం గడిచేసరికి మా అమ్మమ్మను "అవ్వా, కోళ్లు కమ్మినవా?" అని అడిగేవాడు. ఆ మాటతో ఆమె వాకిట్లో మంచం వాల్చేది.

అప్పుడు కొక్కెర తెగులు వస్తే ఊరు ఊరంతా కోళ్లు తుడిచిపెట్టుకుపోయేవి. ఆకుపచ్చగా పారుకొని, మెడ మెలితిరిగి పడిపోయేవి. ఆ పిల్లగాడు ఐసు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో టీకా మందు పెట్టుకొని, సైకిల్ మీద తెల్లవారకముందే వచ్చేవాడు. ఎండ ఎక్కితే మందు పాడవుతుంది. గంపల కింద ఉన్న కోళ్లను ఒక్కొక్కటే తీసి రెక్క కింద సూది వేసేవాడు. నేను కాళ్లు పట్టుకునేవాణ్ని. రెండేళ్లు ఉన్నాడు. పోయేనాటికి మా మేనత్తకూ ఇంకో ముగ్గురు ఆడవాళ్లకూ సూది వేయడం వచ్చు. ఆయన పేరు వాళ్లు సరిగ్గా పలకలేకపోయేవారు గాని, ఆయన నేర్పిన పని ఎన్నో ఏళ్లు చేశారు.

నేనూ ఒకసారి తయారు కాకుండానే పోయాను. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. నేను డిగ్రీ చదువుతూ ఎన్ఎస్ఎస్‌లో ఉన్నాను. సికింద్రాబాద్‌లో రైలెక్కి, బెజవాడలో దిగి, అవనిగడ్డ దాకా బస్సులో పోయాం. ఆవేశం తప్ప చేతిలో పార లేదు, పలుగు లేదు, తాడు ముడి వేయడం రాదు. మా తెలుగు వాళ్లకు, వాళ్ల తెలుగు మాకు అందలేదు. మొదటి మూడు రోజులు, అన్నీ పోగొట్టుకున్నవాళ్ల కోసం వండిన అన్నం మేం తిన్నాం. అయినవాళ్లను మట్టి చేసి వచ్చిన ఒక రైతు మాకు పార పట్టడం నేర్పాడు. ఆ మనిషి ముఖం ఈనాటికీ నా కళ్ల ముందు ఉంటుంది. అందుకే ఊరికే పోయేవాళ్లను చూస్తే ఊరుకోలేను.

ఇప్పుడు ఇంకా చెడ్డ సంగతులు వింటున్నాను. కంబోడియా, నేపాల్‌లలో అనాథాశ్రమాల్లో ఉన్న చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. వలంటీర్లు, వాళ్లతో వచ్చే డబ్బు కోసం పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చి పెట్టారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై చట్టం చేసినప్పుడు ఈ విషయం కూడా చర్చకు వచ్చింది. రెండు వారాలు ఎత్తుకొని ముద్దాడి, ఫొటో దిగి వెళ్లిపోతే, మూడో వారం ఆ బిడ్డ ఎవరికోసం చూడాలి?

బయటినుంచి వచ్చి పని చేయడం తెలిసినవాళ్లు మా మేడ్చల్ పక్కనే ఉన్నారు. పిట్స్‌బర్గ్‌లో గుండె వైద్యుడిగా పేరు తెచ్చుకున్న డాక్టర్ పి.ఎస్. రెడ్డి, అమెరికాలోని ఇతర డాక్టర్లు కలిసి షేర్ ఇండియా అనే సంస్థ పెట్టారు. ఘన్‌పూర్‌లో మెడిసిటీ ఆసుపత్రి వెలిసింది. మండలంలోని ఊళ్లలో గడప గడపా లెక్క రాసి, గర్భిణులనూ పసిపిల్లల టీకాలనూ కనిపెట్టుకునే పని ఆ ఊళ్ల ఆడవాళ్ల చేతికే ఇచ్చారు. మా మనవరాలు రోజూ బస్సులో ఆ దారినే పోయినా ఒక్కసారీ అక్కడ దిగలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మా చెల్లెల్ని ఒంటరిగా సికింద్రాబాద్ పంపడానికే మా నాయిన జంకేవాడు. మనవరాలికి పంతొమ్మిదేళ్లు, సముద్రం దాటిపోతోంది. ఆ ధైర్యం చూస్తే నా గుండె నిండుతుంది. ఆ ధైర్యం గోడల రంగుకు ఖర్చయిపోతుందనే నా బాధ.

ఒకరోజు దాన్ని కూర్చోబెట్టి, "ఆ ఊర్ల కోళ్లున్నయా? ఏం రోగమొచ్చి చస్తున్నయో చూడు" అన్నాను. ఫోన్‌లో వెతికింది. వాళ్లు కిడేరి అంటారట. ఇంకా చదివి, "తాతా, ఇది నువ్వు చెప్పిన కొక్కెర తెగులే!" అంది. అక్కడి పల్లెల్లో వేడికి కొంత తట్టుకునే టీకా ఉంది. నాలుగు నెలలకోసారి కంట్లో ఒక్క చుక్క వేస్తే చాలు, ఊరివాళ్లే వేసుకుంటారు.

మర్నాడే శామీర్‌పేట అవతల నాకు తెలిసిన కోళ్ల ఫారానికి తీసుకుపోయాను. వారం రోజులు తెల్లవారక ముందు లేచి వచ్చింది. మొదటి కోడిపిల్ల చేతిలోంచి జారిపోయింది, రెండోది గీరింది. నాలుగో రోజుకు ఎడమ చేత్తో తల పట్టి, కన్ను పైకి తిప్పి, చుక్క పడ్డాక రెప్ప వాల్చేదాకా ఆగడం నేర్చుకుంది. టీకా పనిలో తమను కలుపుతారా అని పంపేవాళ్లకు ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు. పెన్నులు మాత్రం సూట్‌కేసులోంచి తీసి మా ఊరి బడికి ఇచ్చింది.

స్వాహిలీ కూడా మొదలుపెట్టింది. పెద్దవాళ్లు కనపడితే అక్కడి పిల్లలు 'షికామూ' అంటారు. మన 'కాళ్లు మొక్కుత' లాంటిదే. తాతను వాళ్లు 'బాబు' అని పిలుస్తారు. రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్ తెస్తూ గేటు దగ్గరే అంటుంది: "షికామూ, బాబు!"

దానికి జవాబు 'మరహబా' అట. మొదటి రోజు నాకు నోరు తిరగలేదు. ఇప్పుడు అది గేటు తీసిన చప్పుడు వినగానే అంటున్నాను.