మిట్టమధ్యాహ్నమే కెమెరా తీయండి

రోజుకో ఫొటో తీయాలనుకునేవాళ్లకి అందరూ చెప్పే మొదటి మాట, పొద్దున్నే లేవమని, లేదా సాయంత్రం ఎండ పచ్చబడేదాకా ఆగమని. వినకండి. పన్నెండు దాటాక హైదరాబాద్‌లో రామానాయుడు స్టూడియో వైపు ఫిల్మ్‌నగర్ ఎక్కుడు రోడ్డు పట్టండి.

లేత ఎండ దేన్నైనా అందంగా చూపిస్తుంది, మీ పనితనమెంతో మాత్రం చెప్పదు. నడినెత్తి ఎండ చెబుతుంది. కళ్లగుంటలు నల్లబడతాయి, తెల్లచొక్కాలో మడతలన్నీ మాయమవుతాయి. షూటింగులో అయితే ఎండని మెత్తబరచడానికి పైన స్కిమ్మర్ గుడ్డ కట్టి, వెలుగుని మొహం మీదికి తిప్పడానికి కింద థర్మాకోల్ పడతారు. వెలుగుని మలచుకోవడమే మన కెమెరామెన్ల విద్య. ‘మాయాబజార్’ (1957) వెన్నెల మార్కస్ బార్ట్లీ సృష్టే కదా. మీకు లైట్‌బాయ్ లేడు కనక ఆ ఏర్పాట్లు వీధిలోనే వెతుక్కోవాలి. బంగళా గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ చూడండి. పైన సన్‌షేడ్ నీడ, ఎదురుగా ఎండలో సిమెంటు రోడ్డు. ఆ రోడ్డు మీంచి ఎగిరొచ్చిన వెలుగు ఆయన గడ్డం కిందికి, కళ్లలోకి చేరుతుంది. అడిగి తీయండి. వద్దంటే కుర్చీని తీయండి.

కొత్త చోట్లకి పరిగెత్తొద్దు. జూబ్లీహిల్స్‌లో ఒక కరెంటు స్తంభం చాలు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో పన్నెండుంపావుకి దాని నీడ మొదలు దగ్గరే ముడుచుకుంటుంది. డిసెంబరు చివర అదే వేళకి, ఇంచుమించు స్తంభమంత పొడుగున ఉత్తరానికి సాగుతుంది. రోజూ చోటు మార్చేవాళ్లకి ఈ తేడా పట్టుబడదు.

అన్నిటికన్నా ముఖ్యం, అందమైన ఫొటో కోసం చూడొద్దు. కంటిన్యుటీ ఫొటో తీయండి. సీను సగంలో ఆగితే అసిస్టెంట్ డైరెక్టర్ తీసుకుంటాడే, అది. గుండీలు ఎన్ని పెట్టుకున్నాడు, వాచీ ఏ చేతికుంది, బొట్టు ఎంత, గ్లాసులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి. మిగతా సగం ఎన్నో రోజుల తర్వాత ఇంకో సెట్లో తీయొచ్చు. అప్పుడు అందరూ వెతుక్కునేది ఆ ఫొటోనే. దాన్ని ఎవరూ ఫ్రేము కట్టించుకోరు, అయినా పరిశ్రమలో అంత శ్రద్ధగా చూసే ఫొటో ఇంకోటి లేదంటాను. కృష్ణానగర్‌లో ఒక టీ బల్లని అలా తీయండి. అదే దూరం, అదే ఎత్తు, ఒక్క 50 ఎంఎం లెన్సు. జూమ్ ఇంట్లో ఉంచండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఇంటికెళ్లాక చూడకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే, క్లిక్ చేశారంతే, చూడలేదు.

హీరోల గేట్ల దగ్గర కాపలా కాయొద్దు. అక్కడ దొరికేది మీ ఫొటో కాదు, వాళ్ల మొహం.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు తీసి లెక్క సరిచేయొద్దు. ఖాళీని ఖాళీగానే ఉంచండి. పాడైనవీ చెరపొద్దు. నెల తిరిగాక అన్నీ చిన్నసైజులో పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువసార్లు ఏ తప్పు కనిపిస్తే, వచ్చే నెలంతా దానిమీదే పనిచేయండి.